మా మేనల్లుడి ఉద్యోగం, ద్రాక్ష పులిసిన కథ

మా మేనల్లుడికి సంబంధాలు చూడడం మొదలుపెట్టాక నాకు వైన్ గురించి చదవవలసిన అవసరం వచ్చింది. ఈ మాట చూసి పత్రిక మడిచి పక్కన పెట్టేవారు కొందరుంటారు. కుటుంబ పత్రికలో ఈ సంగతులేమిటని సంపాదకులకు ఉత్తరం రాసేవారూ ఉంటారు. కాస్త ఓపిక పట్టమని మనవి. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క ముట్టినవాణ్ణి కాను. ఇక ముందు ముట్టే ఉద్దేశమూ లేదు. అయినా ఈ వయసులో, మిల్లు ఉద్యోగం విరమించి సూలూరు చెరువుగట్టున సాయంకాలపు నడక తప్ప వేరే పని లేని రోజుల్లో, మూడు నెలలపాటు వైన్ గురించే చదివాను. ఎందుకో చెబుతాను.

మా అక్క కొడుకు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం చదివాడు. మంచి మార్కులే వచ్చాయి. నాసిక్ దగ్గర ఒక వైన్ ఫ్యాక్టరీలో, ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. జీతం బాగు, ఉండడానికి ఇల్లు ఇచ్చారు. అక్క మాత్రం ఊరంతా "పండ్ల రసం ఫ్యాక్టరీలో పని" అని చెప్పుకొచ్చింది. అది అబద్ధమని కూడా అనలేం. ద్రాక్ష పండే కదా, అందులోంచి వచ్చేది రసమే కదా! కాని పెళ్ళిమాటలంటే వేరు. మదురై అవతల కంబం వైపు నుంచి, అక్కడి పాత తెలుగు కుటుంబమే, ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్ల తాతగారు ద్రాక్ష రైతు. వాళ్ళు వచ్చే ముందు అక్క నన్ను పిలిచి, "తమ్ముడూ, వాళ్ళకు ఏమని చెప్పేది? నువ్వు చదువుకున్నవాడివి. నువ్వే మాట్లాడు" అంది.

మాట్లాడాలంటే ముందు తెలియాలి. నాకు తెలిసిందల్లా ఆంధ్రదేశంలో బంధువుల పెళ్ళిళ్ళకు పోయినప్పుడు దారి పొడుగునా కనిపించిన 'వైన్స్' అనే బోర్డులే. ఆ బోర్డు చూసి లోపలికి పోయి వైన్ అడిగితే, అంగడివాడు మనల్ని ఎగాదిగా చూసి, పై అరలో దుమ్ము పట్టిన ఒక సీసా కోసం నిచ్చెన వేయవలసి వస్తుందట! లోపల ఉండేది విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. ద్రాక్షతో ఏ సంబంధమూ లేని సరుకు నూటికి తొంభైపాళ్ళు అమ్మే అంగడికి ద్రాక్షరసం పేరు పెట్టుకున్న వింత మన తెలుగుదేశంలోనే చూశాను. మా తమిళనాట కూడా పాతవాళ్ళు 'ఒయిన్ షాపు' అనే అంటారనుకోండి.

మా పెద్దలకు ఈ మాటంటే ఎందుకంత వెరపో కూడా గుర్తు చేసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937లో పక్క జిల్లా సేలంలోనే మొదట మద్యనిషేధం పెట్టారు. 1948 నాటికి రాష్ట్రమంతా వచ్చింది. 1971 దాకా సడలలేదు. అంటే మా నాయన తరం సంసారం చేసిందంతా నిషేధపు రోజుల్లోనే. అక్కడ ఆంధ్రలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా అంగళ్ళ మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో పూర్తి నిషేధమే వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఇంత రణరంగం నడిచిన ఇళ్ళల్లో 'మా వాడు వైన్ చేస్తాడు' అని చెప్పుకోవడం ఎలా?

మేనల్లుడు సెలవుకు వచ్చినప్పుడు అడగడం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్నే తెలివితక్కువది. "ఒరే, ఆ సూలా వైన్ అంటారే, దానికి మన సూలూరుకు ఏమైనా చుట్టరికమా?" వాడు పడీపడీ నవ్వాడు. నాసిక్‌లో ఆ కంపెనీ పెట్టిన రాజీవ్ సామంత్ తల్లిగారి పేరు సులభ. ఆ పేరు పొట్టిగా చేస్తే సూలా అయింది. తొలి సీసాలు 2000 సంవత్సరంలో బయటికొచ్చాయి. మన ఊరికి దానికి సంబంధం లేదు. "కాని మావా, వైన్‌కు మన ఊరి దారికి సంబంధం ఉంది. సూలా పుట్టడానికి రెండువేల ఏళ్ళ ముందు మాట" అన్నాడు. అక్కడ పట్టుకుంది నాకు.

సూలూరు నొయ్యల్ నది పక్క ఊరని చాలామంది పాఠకులకు తెలుసు. మా చెరువులకు నీళ్ళిచ్చేది ఆ నదే. పాలక్కాడు కనుమ గుండా పడమటి సముద్రం నుంచి తూర్పుకు పోయే పాతదారి ఈ నది వెంబడే సాగింది. చోళుల కాలంలో దాని పేరు రాజకేసరి పెరువళి. కోయంబత్తూరు పక్కన రాతి మీద ఆ శాసనం ఇప్పటికీ ఉంది. చోళులకంటే చాలా ముందునుంచీ ఆ దారిన రోమన్ వ్యాపారపు సరుకు నడిచింది. మాకు పడమట, నది ఒడ్డునే ఉన్న వెళ్ళలూరులో 1842లో ఐదువందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. వాటిమీద ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలు. తూర్పున అదే నది మీద కొడుమణల్‌లో రంగురాళ్ళ పూసలు సానబట్టిన కార్ఖానాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. మా సూలూరు ప్రాచీన సమాధుల్లో దొరికిన, అక్షరాలు గీసిన మట్టిపాత్ర ఒకటి ఏకంగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుంది. మేము ఇక్కడికి విజయనగర, మదురై నాయకుల కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్ళం. ఆ పాత్రలో అన్నం తిన్నవాళ్ళు మాకంటే ఎన్ని తరాల ముందువాళ్ళో!

ఆ నాణేలు ఎందుకు వచ్చాయి? మిరియాలకు, రత్నాలకు, సన్నబట్టలకు. ఇండియా ఏటా మన ఖజానానుంచి ఐదుకోట్ల సెస్టర్సులు లాగేస్తోందని ప్లినీ అనే రోమన్ పండితుడు వాపోయాడు. నాణేలతోబాటు వాళ్ళు తెచ్చిన సరుకుల్లో ఒకటి వైన్. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడు ఒకాయన ఏ రేవులో ఏది అమ్ముడుపోతుందో రాసిపెట్టుకున్న పుస్తకం 'పెరిప్లస్' ఇప్పటికీ ఉంది. భరుకచ్ఛ రేవులో ఇటలీ వైన్‌కే గిరాకీ ఎక్కువ అని రాశాడు. మన పాలక్కాడు కనుమకు అవతల ఉన్న ముజిరిస్ రేవులో వైన్ 'కొంచెమే' అమ్ముడుపోతుందట! మలబారువాళ్ళకు కల్లు ఉండగా దీని అవసరం ఏముందిలే అనుకున్నాను చదివి. మదురై పాండ్య ప్రభువును పొగిడిన నక్కీరర్ మాత్రం, యవనులు ఓడల్లో తెచ్చిన పరిమళభరితమైన మద్యం గురించి పురనానూరు 56వ పాటలో చెప్పాడు. పెద్దవాళ్ళ ఇళ్ళకే అందిన సరుకన్నమాట.

ఆ వైన్ సీసాల్లో రాలేదు. రెండు చెవులు, మొనదేలిన అడుగు ఉన్న ఆంఫొరా అనే పెద్ద మట్టిజాడీల్లో వచ్చింది. ఒక్కో జాడీలో పాతిక లీటర్లు పట్టేది. లోపల కారకుండా పైన్ చెట్టు బంక పూసేవారు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో వీలర్ దొరగారు తవ్వినప్పుడు ఈ జాడీల పెంకులు దొరికాయి. వాటిలో గ్రీకు ద్వీపం కోస్ తరహా జాడీలు చాలా ఉన్నాయి. కోస్ వైన్‌కు ఒక గమ్మత్తు ఉంది. దాంట్లో సముద్రపు నీళ్ళు కలిపేవారు! పాడవకుండా ఉంటుందని. ఈ సంగతి చెబితే మా అక్క, "మజ్జిగలో ఉప్పేసినట్టేలే" అని తేల్చేసింది. ఇంకొకటి వినండి. మన మిరియాలు రోముకు పోయి ఏమయ్యాయంటే, కొన్ని మళ్ళీ వైన్‌లోకే పోయాయి. తేనె, మిరియాలు వేసి కాచిన వైన్ తయారుచేసే పద్ధతి వాళ్ళ వంటపుస్తకంలో ఉంది. ఇక్కడి ఘాటు అక్కడికి పోయి వాళ్ళ పానకం అయింది.

మనదేశంలో వైన్ లేనే లేదు, అంతా పరదేశి సరుకే అనుకుంటే అదీ పొరపాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడని ఒక అధికారి ఉన్నాడు. ఆ అధ్యాయంలో ద్రాక్షరసంతో చేసినదాని పేరు 'మధు'. కాపిశాయనం, హారహూరకం అని దానికి పుట్టినచోటును బట్టి పేర్లు. కాపిశి నేటి అఫ్ఘనిస్తాన్‌లోది. ఫలానా ఊళ్ళో పుట్టిందే షాంపేన్, ఇంకోచోట చేస్తే ఆ పేరు పెట్టరాదు అని ఫ్రెంచివాళ్ళు చేసుకున్న చట్టం చాలా తర్వాతది. ఊరిపేరుతో వైన్‌ను గుర్తుపట్టే అలవాటు మనవాళ్ళకు ముందే ఉంది.

ఇక ఇది తయారయ్యే తీరు. దీన్ని మావాడు మా అక్క వంటింట్లోనే చూపించాడు. సంతలో కొన్న నల్ల ద్రాక్షపండు తొక్క తీసి రసం పిండితే, రసం తెల్లగా వచ్చింది! ఎరుపంతా తొక్కలో ఉంది. తొక్కలతోబాటు పులియబెడితే ఎర్ర వైన్, వెంటనే పిండి తొక్కలు తీసేస్తే తెల్లది. అంటే నల్ల ద్రాక్షనుంచి తెల్ల వైన్ చేయవచ్చు. షాంపేన్‌లో చాలావరకు నల్ల ద్రాక్షే పడుతుందట. మీ స్నేహితులతో పందెం కాయడానికి ఇది బాగుంటుంది.

పులియబెట్టేది ఈస్ట్. మనం దోశపిండి పొంగించినట్టే, అది తీపిని తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. లీటరు రసంలో పదిహేడు గ్రాముల చక్కెరకు ఒక శాతం ఆల్కహాలు అని వాళ్ళ లెక్క. తినే ద్రాక్షలో నూటికి పదహారు, పద్ధెనిమిది పాళ్ళు తీపి ఉంటే మనకు చాలు. వైన్ ద్రాక్షకు ఇరవైరెండు, ఇరవైనాలుగు కావాలి. అందుకే వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, నిండా గింజలు. తింటే మనకు నచ్చదు. ఆల్కహాలు పదిహేను పదహారు శాతం చేరేసరికి దాన్ని పుట్టించిన ఈస్ట్ దాంట్లోనే చచ్చిపోతుంది. ఇది విని మా అక్క ఏదో అనబోయి ఊరుకుంది. ఆమె ఏమనబోయిందో నాకు తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బొగ్గుపులుసు వాయువు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మావాడికి నేర్పిన పాఠం వైన్ రుచి చూడడం కాదట, తొట్టిలో తల పెట్టకపోవడం. ఆ వాయువు గాలికంటే బరువు. అడుగున పేరుకుంటుంది. వాసన లేదు, రంగు లేదు. ఖాళీ అనుకున్న తొట్టిలోకి శుభ్రం చేయడానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మా తాత పాతబావిలో మనిషిని దించేముందు దీపం దించి చూసేవాడు. దీపం ఆరితే దిగకూడదు. శాస్త్రం ఒకటే.

జార్జియా అనే చిన్న దేశంలో వైన్ జాడీలను మెడదాకా భూమిలో పాతిపెడతారు, మన పల్లెల్లో జొన్నలకు పాతర తీసినట్టు. ఆ ప్రాంతంలో దొరికిన మట్టిపెంకుల మీద ద్రాక్ష మరకలను పరీక్షించి, అవి ఎనిమిదివేల ఏళ్ళ నాటివని 2017లో తేల్చారు. జాడీ తర్వాత పీపా, పీపా తర్వాత సీసా, సీసాకు బిరడా. బిరడా అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్‌లో ఎక్కువ. చెట్టుకు పాతికేళ్ళు వస్తేగాని మొదటిసారి ఒలవరు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకొకసారి. చెట్టును నరకరు. నేను ముప్పైఐదేళ్ళు మిల్లులో పనిచేసినవాణ్ణి, ముడిసరుకు కోసం తొమ్మిదేళ్ళు ఆగే యజమానులను ఊహించుకోలేను.

అక్కకు అన్నిటికంటే నచ్చిన సంగతి పాశ్చర్‌ది. పొద్దున్నే వాకిట్లో పడే పాలప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని ఉంటుంది కదా! ఆ లూయీ పాశ్చర్ ఈ పద్ధతి కనిపెట్టింది పాలకోసం కాదు. ఫ్రెంచి వైన్ దారిలో పులిసి పాడవుతోందని చక్రవర్తి మూడో నెపోలియన్ ఆయనను అడిగాడు. వైన్‌ను మరిగించకుండా, గాలి తగలకుండా కాస్త వేడిచేస్తే పాడుచేసే క్రిములు చస్తాయని ఆయన చూపాడు. 1866లో పుస్తకం రాశాడు. పాలకు దాన్ని వాడడం తర్వాతి మాట. "అయితే మన కాఫీలో పాలు మంచిగా ఉండేది దానివల్లనా!" అని అక్క చాలాసేపు ఆశ్చర్యపోయింది.

అన్నట్లు, అదేరోజు మరో తమాషా జరిగింది. అక్క భోజనం తర్వాత రెండుపూటలా ద్రాక్షారిష్టం తాగుతుంది. నిస్త్రాణకు వైద్యుడు చెప్పింది. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు దశమూలారిష్టం తాగింది. మావాడు ఆ సీసా తెచ్చి వెనకవైపు చీటీ చదివించాడు. స్వయంగా పుట్టిన ఆల్కహాలు పదిశాతం లోపు అని ఉంది. ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు వేసి, మూత బిగించి నెలరోజులు ఉంచితే పులిసి అరిష్టం అవుతుంది. మూడు చెంచాలే తాగుతాం కాబట్టి తెలియదు. అక్క సీసావైపు, కొడుకువైపు మార్చిమార్చి చూసి, "ఇన్నేళ్ళూ చెప్పలేదేమిరా!" అని సీసాను అలమరలో పెట్టేసింది. మర్నాడు మళ్ళీ తీసిందిలెండి.

ఇప్పుడు మా బావ సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. అక్కే రాయమంది.

మా బావకు బీపీ ఉండేది. 1991లో అమెరికా టెలివిజన్‌లో ఒక కార్యక్రమం వచ్చింది. ఫ్రెంచివాళ్ళు అంత వెన్న, మాంసం తింటున్నా వాళ్ళకు గుండెజబ్బులు తక్కువ, దానికి ఎర్ర వైన్ కారణం కావచ్చు అని. ఆ దెబ్బతో అమెరికాలో ఎర్ర వైన్ అమ్మకాలు ఎగిసిపోయాయి. ఆ వార్త తిరిగి తిరిగి మా పత్రికల్లోకి కూడా వచ్చింది. దాన్ని కత్తిరించి, పైన తేదీ వేసి, బావకు పంపింది నేను. మంచి సంగతులు కత్తిరించి దాచే అలవాటు నాకు అప్పటికే ఉంది. బావ సంతోషించాడు. పుదుచ్చేరి పోయినవాళ్ళచేత ఒక సీసా తెప్పించుకున్నాడు. రోజూ రాత్రి ఒక చిన్న గ్లాసు, మందులాగ. సీసా అయిపోయింది. మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? దొరికినా ఖరీదు. "బ్రాందీ కూడా ద్రాక్షదే కదా" అని ఎవరో చెప్పారు. అప్పటినుంచి బ్రాందీ. పదమూడేళ్ళు. 2006లో కాలేయం పూర్తిగా చెడి పోయాడు. కర్మలన్నీ అయ్యాక అక్క బీరువా సర్దుతూ నన్ను పిలిచింది. నా చేతిరాతతో తేదీ ఉన్న ఆ కత్తిరింపు నా చేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఈనాటికీ అనలేదు.

అందుకని నేను తెలుసుకున్నది ఇక్కడ తేటగా చెప్పవలసిన బాధ్యత నాకుంది. బ్రాందీ అంటే డచ్చి భాషలో 'కాల్చిన వైన్', అంటే వైన్‌ను బట్టీలో దించినది. పేరు నిజమే. కాని మనదేశంలో సామాన్యంగా అమ్మే బ్రాందీలో చాలావరకు చెరకు మడ్డినుంచి తీసిన స్పిరిటే. బావ ద్రాక్ష అనుకుని తాగినదాంట్లో ఎక్కువభాగం ద్రాక్షముఖం చూడనిది. అయితే ద్రాక్షదైతే మేలా? లెక్క చూడండి. వైన్‌లో పన్నెండు పదమూడు శాతం ఆల్కహాలు, బ్రాందీలో 42.8. గ్లాసెడు వైన్, అంటే నూటయాభై మిల్లీలీటర్లు తాగితే ఒంట్లోకి పోయే ఆల్కహాలు పద్ధెనిమిది మిల్లీలీటర్లు. అది ఒకటిన్నర చిన్న పెగ్గు బ్రాందీతో సమానం. ఎర్ర వైన్‌లో రెస్వెరట్రాల్ అని గుండెకు మంచిచేసే పదార్థం ఉందన్నారు. ఎలుకలకు ఇచ్చి చూసిన మోతాదు మనిషికి వైన్‌లో రావాలంటే రోజుకు వందల సీసాలు తాగాలి. ఫ్రెంచివాళ్ళ గుండెల లెక్కలోనూ లొసుగులున్నాయని తర్వాత తేలింది. ఆల్కహాలు కాన్సర్ కారకమని అంతర్జాతీయ సంస్థ 1988లోనే చెప్పింది. ఇంత తాగితే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఇది మా బావ బీరువాలో పెట్టవలసిన కత్తిరింపు. ముప్పైఏళ్ళు ఆలస్యమైంది.

మరి తండ్రి అలా పోయిన తర్వాత ఈ ఉద్యోగంలో ఎలా చేరావురా అని వాణ్ణే అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నాయన తాగినది ఏమిటో ఆయనకే తెలీదు మావా. నాకు తెలియాలనిపించింది" అన్నాడు. రుచి చూడవలసిన పని ఉంటుంది గదా అంటే, నోట్లో వేసుకుని పుక్కిలించి ఉమ్మేస్తారట. ప్రపంచమంతా రుచి చూసేవాళ్ళు ఉమ్మేవాళ్ళే. లేకపోతే రోజుకు నలభై రకాలు చూసి ఇంటికెలా పోతారు? వాడి మాట నేను నమ్మాను. అక్క నమ్మిందో లేదో అప్పటికి తెలియదు.

సంబంధంవాళ్ళు వచ్చిన రోజు నేను పుస్తకం నిండా రాసుకున్న సంగతులతో సిద్ధంగా కూర్చున్నాను. రోములో మొదలుపెట్టి పాశ్చర్ మీదుగా మెల్లగా నాసిక్‌కు తీసుకురావాలని నా పథకం. పిల్ల, తల్లిదండ్రులు, ఎనభైఏళ్ళ తాతగారు వచ్చారు. ఆయన వేలి గోళ్ళకింద మట్టి ఇంకా పోలేదు. కాఫీలు అయ్యాయి. "అబ్బాయికి నాసిక్‌లో ఏమి పని?" అని తాతగారే అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను.

"వైన్ చేసే ఫ్యాక్టరీ" అంది అక్క, గ్లాసులు తీస్తూ. "వాళ్ళ నాయన తాగి పోయినాడు. వీడు తాగడు. తెలిసి చేసుకోవాల, అందుకే చెప్తా ఉండాను."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నా రోము, పాశ్చర్ అన్నీ జేబులోనే ఉండిపోయాయి. పిల్ల తండ్రి గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు. తాతగారు మాత్రం మావాడివైపు తిరిగి, "మా పన్నీరు ద్రాక్షతో అవుతుందా?" అన్నారు.

పన్నీరు ద్రాక్ష కంబం లోయకు ప్రాణం. మస్కట్ హాంబర్గ్ అనేది దాని అసలు పేరు. 1832లో ఒక ఫ్రెంచి మతగురువు ఈ ప్రాంతానికి తెచ్చాడని చెబుతారు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చలిదేశాల్లో ద్రాక్షతీగ చలికాలమంతా నిద్రపోతుంది, ఏడాదికొక్క కాపు. మన ఎండల్లో దానికి నిద్ర లేదు. మనిషే కొమ్మ కత్తిరించి ఎప్పుడు కాయాలో చెప్పాలి. అందుకే కంబంలో ఏడాది పొడుగునా ఏదో ఒక తోటలో పండు ఉంటుంది. మన తెలుగుదేశపు పేరున్న ద్రాక్ష, 1890 ప్రాంతంలో హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ ప్రచారంలోకి తెచ్చిన అనాబ్-ఎ-షాహీ కూడా ఇలా కత్తిరింపుమీద బతికినదే. ఆ తోటలు ఉన్నచోట ఇప్పుడు చాలామట్టుకు ఇళ్ళు లేచాయి. తాతగారి భయమూ అదే. ధర పడిపోయిన వారం కోతకూలి కూడా రాక పండు పందిరిమీదే వదిలేసిన రోజులున్నాయని చెప్పారు.

మావాడు ఉత్సాహపడ్డాడు. చైనాలో టియాంజిన్ అనేచోట ఇదే రకంతో వైన్ చేస్తున్నారని చెప్పాడు. "చైనావాడా!" అని తాతగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తీపి ఎంతకు రావాలి, పిందె దశలో గుత్తులు ఎన్ని తుంచాలి, నీళ్ళు ఎప్పుడు ఆపాలి, ఇలా గంటన్నర. పిల్ల రెండుసార్లు నవ్వడం నేను చూశాను, తాతను చూసి నవ్విందో మావాణ్ణి చూసి నవ్విందో చెప్పలేను. పిల్ల తల్లి మా అక్కతో వంటింట్లోకి పోయింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో అక్క నాకు చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళి మూడువారాలైంది. ఇంట్లో మాట్లాడి చెబుతామన్నారు. ఇంకా జవాబు రాలేదు. తాతగారు మాత్రం రెండుసార్లు ఫోన్ చేశారు. పెళ్ళిమాట ఎత్తలేదు. పండులో తీపి కొలిచే ఆ చిన్న గొట్టంలాంటి పరికరం కోయంబత్తూరులో ఏ అంగట్లో దొరుకుతుందని.